పునరుత్థాన సందేశము

వసంత విషువత్తునకు బిదప వచ్చు పూర్ణిమ దాటిన తొలి యాదివారమున క్రైస్తవలోకమెల్ల ఈస్టరు పండుగను జరుపుకొనును. ఎండలు ముదురుచు, మామిడిపిందెలు కాయలగుచున్న యా దినములలో మన చెన్నపురియందును తెల్లవాఱకమునుపే దేవాలయముల గంటలు మ్రోగును. సిలువపై మరణించి సమాధి చేయబడిన క్రీస్తు మూడవనాడు లేచెనను విశ్వాసమే యీ పండుగకు మూలము. క్రిస్మసు కంటెను ప్రాచీనమైనదిది. ఈ విశ్వాసము నిజము కానిచో దమ బోధయంతయు వ్యర్థమని పౌలు తానే యొప్పుకొనియుండుటచే, క్రైస్తవ మతమున దీనికి గల స్థానమెట్టిదో వేఱుగ జెప్పనక్కఱ లేదు.

సుఖముగ నున్నవానికి బండుగ యెప్పుడును బండుగయే. ఉద్యోగము పోయినవానికి, వ్యాధిచే మంచము పట్టినవానికి, కన్నబిడ్డను బోగొట్టుకొన్న తల్లికి నీ గంటల మ్రోత యేమి చెప్పగలదు? లేచెను గాన సంతోషింపుమని యామెతో ననుట యూఱటయా, పుండుమీద కారము చల్లుటయా? ఇది క్రైస్తవులు మాత్రమే కాక, కష్టమెఱిగిన ప్రతివాడును వేసికొనదగిన ప్రశ్న.

సువార్తలను నిదానముగ జదివినవారికి మొదట గానవచ్చునది భయము. తెల్లవాఱుజామున సుగంధ ద్రవ్యములు చేతబట్టి సమాధియొద్దకు బోయినవారు స్త్రీలు. శవమునకు జేయవలసిన కడపటి యుపచారము చేయుటకే వారు బయలుదేఱిరి. సమాధి ద్వారమునకడ్డముగ నున్న ఱాతిని దమకెవరు దొర్లింతురా యనునదే దారిపొడుగునను వారి చింత. మార్కు సువార్త మిక్కిలి ప్రాచీనములగు ప్రతులలో, ఆ స్త్రీలు భయపడి యెవ్వరితోను నేమియు జెప్పక పాఱిపోయిరన్న మాటతోనే ముగియుచున్నది. శిష్యులో, గురువును జంపించినవారు తమ్మును వెదకుదురని వెఱచి, తలుపులు మూసికొని లోపల గూర్చుండిరి. ఆ మూసిన తలుపుల నడుమ క్రీస్తు వచ్చి నిలిచి, మొట్టమొదట శాంతివచనము పలికెనని యోహాను చెప్పుచున్నాడు. తెలుగు బైబిలులో శాంతికి వాడబడిన మాట సమాధానము. మన వాడుకలో సమాధానమనగా బ్రశ్నకు బ్రత్యుత్తరము. మనసు కలత తీఱి కుదుటపడుటయు సమాధానమే. అనువాదకులుద్దేశించిరో లేదో కాని, రెండర్థములును నిచ్చట జక్కగ నొప్పియున్నవి. భయము తీఱినపిమ్మట వచ్చిన శాంతి కాదది. భయపడుచున్నవారి నడుమకే వచ్చినది.

ఆ మాట పలికిన వెంటనే యాయన తన చేతులను, ప్రక్కను వారికి జూపెను. చేతులలో మేకుల గాయములు. ప్రక్కలో బల్లెపు పోటు. మృత్యువును జయించినవాని దేహమున నా గుర్తులేల మిగిలియుండవలెను? ఇచ్చట నొక భేదమును గమనింపవలసియున్నది. పునర్జన్మము వేఱు, పునరుత్థానము వేఱు. జీవుడొక దేహమును విడిచి వేఱొక దేహమును ధరించుననుట మన దేశమున జిరపరిచితమగు భావము. క్రైస్తవుల నమ్మకమది కాదు. హింసింపబడిన యా దేహమే, మేకులు దిగిన యా చేతులే మహిమతో మరల లేచినవని వారందురు. లేచినవాడు శిష్యులయెదుట గాల్చిన చేపముక్క దినెనని లూకా వ్రాసెను. కాబట్టి యీ విశ్వాసము ననుసరించినచో దేహము పాఱవేయదగిన చింకిపాత కాదు. దాని యాకలి యల్పవిషయము కాదు. దానికి దగిలిన గాయము దాచదగినదియు గాదు. కష్టకాలమున నీ పండుగ యిచ్చు నాశకు మూలమిచ్చటనే గలదని మాకు దోచుచున్నది.

ఆ గాయములను జూచి, తాకినగాని నమ్మనని పట్టుపట్టిన శిష్యుడు తోమా. ఎనిమిది దినముల పిదప నాతనికా యవకాశము గలిగెను. లోకమాతనికి సందేహి యని పేరిడినది. కాని యాతడడిగినదేమి? వింతలను జూపుమని యడుగలేదు, గాయములను జూపుమనెను. తన గురువు పడిన బాధను మఱచిన మహిమ యాతనికక్కఱలేకపోయెను. ఈ తోమాయే మన దేశమునకు వచ్చి, క్రీ. శ. 72లో బరంగికొండపై బ్రాణములు విడిచి, మైలాపూరున సమాధి చేయబడెనని తరతరముల యైతిహ్యము. దీనిపై జరిత్రకారుల వాదములెట్లున్నను, శాంతోము దేవాలయమా సమాధిపైనే నిలిచినదని నమ్మి వచ్చు యాత్రికుల రాక నేటికిని నిలువలేదు.

ఆ దేవాలయమునుండి పడమటగ గొంతదూరము పోయిన బకింగ్‌హాము కాలువ కానవచ్చును. నేడది మురుగునీటితోడను, పైనిబోవు రైలుమార్గపు స్తంభములతోడను నిండి, ముక్కు మూసికొని దాటవలసిన తావైనది. మన తాతల కాలమున బెదగంజామునుండి చెన్నపురివఱకు దీనిమీదనే పడవలు నడిచినవి. డెల్టా బియ్యము, వంటచెఱకు, ఉప్పు నీ దారినే పట్టణమునకు జేరినవి. ఇంత మేలు చేసిన కాలువలో బెద్దభాగమును ద్రవ్వినవి యాకలిగొన్నవారి చేతులని యెఱిగినవారు మనలో దక్కువ. అడయారు, కూవము నదులను గలుపు భాగము, ఈ పట్టణము నడుమనే, 1877-78 సంవత్సరములలో గఱవుపనిగా ద్రవ్వబడెను. ఉత్తరమున నెల్లూరు, ఒంగోలు సీమలలోని భాగములును నట్టివే.

పెద్దలు ధాత కఱవని చెప్పుకొనిన కఱవది. 1876లో వానలు తప్పినవి. చెఱువులెండినవి, పశువులు కబేళములకు బోయినవి, పిదప మనుష్యుల వంతు వచ్చినది. 1877 జనవరి 1న లిట్టన్ రాజప్రతినిధి ఢిల్లీలో దర్బారు దీర్చి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా బ్రకటించుచున్న దినములలో, చెన్నరాజధానిలోని పల్లెలు పాడుపడుచుండెను. కఱవుపని చేయువానికి దినమునకొక పౌను ధాన్యమును, కొలది డబ్బును జాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. అది ప్రాణము నిలుపుటకైనను జాలదని రాజధాని యారోగ్యాధికారియగు డాక్టరు కార్నిష్ వాదించెను. దేశమునుండి విదేశములకు గోధుమల యెగుమతి మాత్రము ఆ యేండ్లలోను నాగలేదు. బ్రిటిషు పాలనలోని ప్రాంతములలోనే 50 లక్షలకు మించిన జనమా కఱవునకు బలియైరని యంచనా.

ఒంగోలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనిది. అచ్చట 1866నుండి పనిచేయుచుండిన అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ యౌవనమున భూమి కొలతపని నేర్చినవాడు. ఆయన యీ కాలువలో మూడున్నర మైళ్ల భాగమును గంట్రాక్టుగ బుచ్చుకొనెను. మతబోధకునకు మట్టిపనితో నేమి పని యని యడుగవచ్చును. తక్కిన పనితావులలో మాదిగలు మేస్త్రీలచే దిట్లును దెబ్బలును దినుచు, కూలి సరిగా నందక కృశించుచుండిరి. తన భాగమున నట్టి దౌర్జన్యము జరుగకుండుటకై క్లౌ తన బోధకులనే పనిపై మేస్త్రీలుగ నియమించెను. విరామవేళల నా బోధకులు కూలీల నడుమ గూర్చుండి, అలసి బరువు మోయువారిని దనయొద్దకు బిలిచిన క్రీస్తు కథను జెప్పుచుండిరి. వినువారి తలపై దట్ట దిగి యప్పటికి నిమిషములే యైయుండును.

కఱవు నడిచిన కాలమున, దాదాపు పదునైదు నెలలు, క్లౌ యెవ్వరికిని బాప్తిస్మమియ్యలేదు. కూటికొఱకు మతము పుచ్చుకొనిరన్న నింద రాగూడదని యాయన పట్టుదల. 1878లో సహాయము పంచుట ముగియవచ్చినపిదప జనము తండోపతండములుగ వచ్చి బాప్తిస్మమడిగిరి. ఇక నిచ్చుటకేమియు లేదు, తిరిగిపొండని యాయన చెప్పెను. తమకు సహాయమక్కఱలేదనియు, కష్టించి బ్రదుకువారమనుటకు దమ చేతులలోని బొబ్బలే సాక్ష్యమనియు, వచ్చు పంటయు బోయినచో జావు తప్పదు గాని క్రైస్తవులై చావగోరుదుమనియు వారు బదులు చెప్పిరని, 1914లో వెలువడిన యాయన స్వీయచరిత్ర తెలుపుచున్నది. ఆ యేడు జూలై 3న, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీట మునుగుట క్రీస్తుతో సమాధియగుట, లేచుట యాయనతో లేచుట యని పౌలు చెప్పిన యర్థము. ఊరిబావి నీటిని ముట్టనీయబడనివారా దినమున నిండుటేటిలో మునిగి లేచిరి.

ఈ సంఖ్యను జూచి సందేహించినవారానాడును గలరు. తోటి మిషనరీలలోనే గలరు. సందేహము తోమాకును గలిగినదే కావున దానిని దోషమనరాదు. వచ్చినవారి యంతరంగమున భక్తి యెంత, పెట్టినచేతియందలి కృతజ్ఞత యెంత, తరతరముల యవమానమునుండి తప్పించుకొనవలెనను నాశ యెంత యని త్రాసులో దూచి చెప్పువారెవ్వరు? అవమానమునుండి తప్పించుకొనగోరుట భక్తికి విరుద్ధమనియు మేమనుకొనము. ఒక్క సంగతి మాత్రము స్పష్టము. కష్టము గడచినదని నమ్మి వారా యేటిలో దిగలేదు. మరల రావచ్చునని యెఱిగియే దిగిరి. పంట పండునని వారికెవ్వరును మాట యియ్యలేదు. శాంతి యనగా నాపద లేమి యని తలంచు మనకు, ఆపదనెదుట నుంచుకొనియే కుదుటపడిన యా మనసులు నేర్పవలసినది చాల గలదు. వారు చూపిన సాక్ష్యమును గమనింపుడు: చేతులలోని గుర్తులు. తలుపులు మూసిన గదిలో క్రీస్తు చూపినదియు నదియే.

మఱియొక యాక్షేపణ గలదు. పరలోకసుఖమును జూపి యిహలోకపు టన్యాయమును సహింపజేయు మత్తుమందు ఈ బోధ యని పలువురందురు. దాని నట్లు వాడుకొన్నవారు లేకపోలేదు. కాని కొరింథీయులకు బౌలు వ్రాసిన మొదటి లేఖ పదునైదవ యధ్యాయమును దుదముట్ట జదివిచూడవలెను. పునరుత్థానమును గూర్చి యంత దీర్ఘమగు వాదము బైబిలులో మఱియొకటి లేదు. అందాయన యెత్తికొన్న యుపమానము రైతు చల్లు గింజ. మట్టిలో బడి నశించినగాని యది మొలవదు. విత్తనపు గింజలనుగూడ వండుకొని తినవలసివచ్చిన కఱవునాట, మిగిలిన గుప్పెడు గింజలను నేలపాలు చేయుట కెంత గుండెధైర్యము కావలెనో మన రైతులకు దెలియును. అంతటి వాదము చేసి, మృత్యువునే ధిక్కరించి, పౌలు తుదకు జెప్పినదేమి? స్థిరముగ నిలిచి పనిచేయుడు, మీ ప్రయాసము వ్యర్థము కాదని. ఆకాశమున కెగసిన యధ్యాయము నేలమీద, పనిలో, ముగిసినది. చేతులు ముడిచికొని కూర్చుండుమను బోధ కాదిది.

ప్రయాసము వ్యర్థము కాదనుటకా కాలువయే యొక సాక్ష్యము. 2004 డిసెంబరు 26న, క్రిస్మసు మఱునాడే, సునామీ మన తీరమును ముంచినపుడు, కడలికి సమాంతరముగ నున్న యీ కాలువ ఆంధ్రతీరమున గొన్నితావుల నా నీటిని దనలోనికి దీసికొని, వేగమును దగ్గించి, మరల సముద్రమునకు బోవిడిచెననియు, దానిచే బలువురు జాలరుల ప్రాణములు దక్కెననియు శాస్త్రజ్ఞులు వ్రాసిరి. 1877లో బౌను ధాన్యముకొఱకు మట్టితట్ట మోసిన తల్లి దీనిని గలలోనైన దలచియుండదు. ఇందువలన నామె యాకలికి న్యాయము జరిగినదనుట సరికాదు. ఆమె పడిన బాధకు బరిహారమే లేదు. ఆ సునామీలోనే వేలాంగణి తీరమున వందలకొలది యాత్రికులు ప్రాణములు గోల్పోయిరి. ఒకచోట దక్కుటకును, ఒకచోట బోవుటకును దైవసంకల్పమును లెక్కగట్టి చెప్పబూనుట తెంపరితనము. గాయమేల కలిగినదని పునరుత్థాన కథయు వివరింపదు. గాయపడినవాడు విడువబడలేదని మాత్రము చెప్పును.

2020 ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు మనకు జ్ఞాపకమున్నది. లోకమున ననేక దేశములలో దేవాలయముల తలుపులు మూయబడెను. తొలి ఈస్టరు సాయంకాలమున శిష్యులవలెనే, జనము భయముచే దలుపులు వేసికొని యిండ్లలో గూర్చుండిరి. సరిగా వారము దినములకు, ఈ పట్టణముననే, ఆ మహమ్మారికి బలియైన యొక క్రైస్తవ వైద్యుని దేహమును బూడ్చనీయక జనము గుమిగూడి ఱాళ్లు రువ్విరి. ఆ రాత్రి యాయన తోటివైద్యుడొకడు, ఇద్దరాసుపత్రి పనివాండ్ర తోడ్పాటుతో, పార చేతబట్టి తానే మట్టి కప్పి స్నేహితుని సమాధి చేసెను. సుగంధ ద్రవ్యములతో దెల్లవాఱుజామున నడచిన యా స్త్రీలకును, ఈ వైద్యునకును నడుమ రెండువేల యేండ్ల యెడమున్నను, చేసిన పని యొక్కటియే. మరణించినవాని దేహము గౌరవింపదగినదని వా రెఱుగుదురు. ఫలితము కానరానపుడును జేయవలసిన దానిని జేసిరి. పునరుత్థాన వార్త మొదట విన్నవారట్టివారే యని సువార్తలు చెప్పుచున్నవి.

ఈ మాటలు చెప్పునపుడు చేయక మిగిలిన పనినిగూడ జెప్పుట న్యాయము. గుండ్లకమ్మలో మునిగి లేచినవారి సంతతికి ద్వారము మూసిన ఱాయి యింకను బూర్తిగ దొర్లలేదు. దక్షిణదేశమున గొన్ని క్రైస్తవసంఘములలోనే కులమునుబట్టి వేఱు కూర్చుండుటయు, శ్మశానములలో నడ్డుగోడలు నిలుచుటయు గలవు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వున షెడ్యూల్డు కులముల హక్కులు హిందువులకే పరిమితములై, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును జెందినవి. క్రైస్తవమును స్వీకరించిన దళితులకు మాత్రమా సవరణలు ద్వారము తెఱవలేదు. దీనిని గూర్చి శాసనజ్ఞులు వాదింపవలసినది వాదింతురు. సంఘములు తమ గోడలను దాము కూల్చుకొనుటకు మాత్రమే శాసనమును నక్కఱలేదు. నీటిలో నొక్కటిగా లేచినవారు మట్టిలో వేఱువేఱుగ బండుకొనుట యీ పండుగకు దగదు.

తుదకు, మొదట దలచిన తల్లి మాట. లాజరును లేపబోవుచుండియు, వాని సమాధియొద్ద క్రీస్తు కన్నీరు విడిచెను. కావున నేడ్చువారిని నేడువవలదనుట పునరుత్థాన సందేశము కాదు. దుఃఖించు నింటికి బోవువారు వేదాంతమును మూటగట్టుకొని పోనక్కఱలేదు. లేచిన క్రీస్తు సముద్రతీరమున శిష్యులకు జేసినది, రాత్రియంతయు శ్రమించి వచ్చినవారికి నిప్పులు రాజేసి యుదయపు భోజనము సిద్ధపఱచుట. అన్నము పట్టుకొని పోవుట, ఆసుపత్రిలో నొక రాత్రి తోడుండుట, ఉద్యోగము పోయినవానికై నలుగురితో మాటలాడుట, కోర్టు కాగితములు చదివి పేదవానికర్థము చెప్పుట — వైద్యులును, న్యాయవాదులును, ఉపాధ్యాయులును, ఉద్యోగులునగు మన పాఠకుల కిందేదియు నసాధ్యము కాదు. కష్టములోనున్నవారికి శాంతి వచ్చు మార్గములలో నిదియొకటి; మూసిన తలుపు దాటి యెవరైన లోపలికి రావలెను.

మైలాపూరు వంతెనమీద గాలువను దాటునపుడొక నిమిషము నిలిచి, దానిని ద్రవ్వినవారిని దలచుకొనుడు. క్రైస్తవ సోదరులకు మా ఈస్టరు శుభాకాంక్షలు.